పాత పేరు, కొత్త గుండె: ఇంటి కంప్యూటర్లు మళ్లీ పుట్టిన కథ

– పదో తరగతి విద్యార్థిని, తెలుగు మాధ్యమం

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని మన పెద్దోళ్లు ఒక సామెత చెప్తారు. పేరు ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి అయినప్పుడు ఈ మాట వాడతాం. నలభై ఏళ్ల కిందటి కొన్ని కంప్యూటర్ల పేర్లు ఇప్పుడు మళ్లీ అంగళ్లలో కనిపిస్తా ఉన్నాయి. బయట చూస్తే అదే డబ్బా, అవే మీటలు. లోపల మాత్రం ఈ కాలపు చిప్పులు. ఇవి నిజంగా ఆ పాత కంప్యూటర్లేనా, లేక పేరు మాత్రమేనా? ఈ వ్యాసంలో ఆ చరిత్ర చూసి, తర్వాత ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

ఆ రోజుల సంగతి

1970ల దాకా కంప్యూటరు అంటే పెద్ద కంపెనీల్లో, విశ్వవిద్యాలయాల్లో ఉండే యంత్రం. దాన్ని ఇంటికి తెచ్చినవాళ్లలో జాక్ ట్రమియెల్ ఒకరు. ఆయన 1928లో పోలండ్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల ఆష్‌విట్జ్ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడి అమెరికా చేరారు. న్యూయార్క్‌లో టైపురైటర్లు బాగుచేస్తూ బతుకు మొదలుపెట్టారు. తర్వాత కమొడోర్ అనే కంపెనీ పెట్టి టైపురైటర్లు, కాలిక్యులేటర్లు అమ్మారు. 1976లో చిప్పులు తయారుచేసే మాస్ టెక్నాలజీ అనే సంస్థను కొన్నారు. సొంత ఇటుకల బట్టీ ఉన్నవాడు ఇల్లు చవకగా కట్టగలడు కదా. అలాగే చిప్పులు సొంతంగా చేసుకోవడం వల్ల కమొడోర్ తక్కువ ధరకు కంప్యూటర్లు ఇవ్వగలిగింది. కంప్యూటర్లు గొప్పోళ్లకు మాత్రమే కాదు, మామూలు జనానికి అందాలి అనేది ఆయన మాట.

1982లో కమొడోర్ 64 వచ్చింది. ధర 595 డాలర్లు. అంతకు ముందు సంవత్సరం వచ్చిన ఐబీఎం పీసీ ధర 1,565 డాలర్ల నుంచి మొదలయ్యేది. కమొడోర్‌కు వేరే తెర అక్కర్లేదు, ఇంట్లో ఉన్న టీవీకి తగిలిస్తే చాలు. 16 రంగులు చూపించేది, ఒకేసారి మూడు స్వరాలు పలికే సిడ్ అనే సంగీతం చిప్పు ఉండేది. పేరులో ఉన్న 64 అంటే 64 కిలోబైట్ల మెమరీ. ఇది ఎంతో తెలుసా? 4 జీబీ మెమరీ ఉన్న ఫోను దీనికి 65,536 రెట్లు. ఇప్పటి యూనికోడ్ పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తును దాచడానికి సాధారణంగా 3 బైట్లు పడతాయి. ఆ లెక్కన మీరు చదువుతున్న ఈ వ్యాసం లాంటివి మూడు కూడా అందులో పట్టవు. అంత చిన్న చోటులోనే జనం ఆటలు రాశారు, పాటలు కట్టారు, లెక్కలు చేశారు. కోటికి పైగా కమొడోర్ 64లు అమ్ముడుపోయాయి.

అదే 1982లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ నుంచి క్లైవ్ సింక్లెయిర్ జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ తెచ్చారు. ధర 125 పౌండ్ల నుంచి మొదలు. రబ్బరు మీటలు, పక్కన చిన్న ఇంద్రధనుస్సు గీతలు. ప్రోగ్రాములు టేప్‌రికార్డరు క్యాసెట్టు నుంచి ఎక్కించుకోవాలి. అదే ఊరి ఎకార్న్ కంపెనీ, బీబీసీ సంస్థ కోసం బీబీసీ మైక్రో అనే కంప్యూటరు చేసింది.

ఇది మన దేశానికీ చేరిన కథే. 1984లో భారత ప్రభుత్వం బడి పిల్లలకు కంప్యూటరు నేర్పాలని క్లాస్ అనే పథకం మొదలుపెట్టి, సుమారు 250 బడులకు బీబీసీ మైక్రోలు పంపింది. స్పెక్ట్రమ్ ప్లస్‌ను లైసెన్సుతో డెసిబెల్స్ అనే కంపెనీ మన దేశంలో అమ్మింది. కాబట్టి ఇప్పుడు యాభై దాటిన పెద్దోళ్లలో కొందరు మొదట తాకిన కంప్యూటరు ఇలాంటిదే అయి ఉంటుంది.

కంపెనీ పోయింది, పేరు మిగిలింది

ట్రమియెల్ 1984లో కమొడోర్ వదిలిపోయారు. ఐబీఎం రకం పీసీలు ప్రపంచమంతా నిండాయి. చివరికి 1994 ఏప్రిల్ 29న కమొడోర్ దివాలా తీసింది. స్పెక్ట్రమ్ అంతకు ముందే, 1986లో, 50 లక్షల పౌండ్లకు ఆమ్‌స్ట్రాడ్ అనే కంపెనీ చేతికి పోయింది.

ఒక కంపెనీ దివాలా తీస్తే దాని బల్లలు, యంత్రాలు, కట్టడాలు వేలం వేస్తారు. పేరును కూడా అలాగే అమ్ముతారు అని ఈ వ్యాసం కోసం చదివినప్పుడే నాకు తెలిసింది. కమొడోర్ పేరును 1995లో జర్మనీకి చెందిన ఎస్కామ్ కొన్నది. ఏడాది తిరిగేసరికి ఎస్కామ్ కూడా దివాలా తీసింది. 1997లో నెదర్లాండ్స్ కంపెనీ ట్యూలిప్ చేతికి వచ్చింది. ఆ తర్వాత ఇంకా చేతులు మారుతూనే పోయింది. ఇల్లు కూలిపోయినా ఇంటిపేరు మాత్రం ఊరూరా తిరిగినట్టు అయింది.

ఇది దూరదేశపు వింత అనుకోవద్దు. మైసూరులో తయారైన జావా మోటారు సైకిలును మన నాయనల తరం మరిచిపోలేదు. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2018లో అదే పేరుతో వేరే కంపెనీ కొత్త బండ్లు తెచ్చింది. నోకియా పేరుతో వచ్చే ఫోన్లను కూడా కొన్నేళ్లు వేరే కంపెనీ చేసింది. అంటే పేరు చూసి మనం నమ్మిన మనుషులు ఒకరు, ఆ పేరుతో వస్తువు అమ్మేవాళ్లు ఇంకొకరు.

లోపల ఏముంది? మూడు దారులు

పాత కంప్యూటరును మళ్లీ పుట్టించడానికి ముఖ్యంగా మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది, పాత డబ్బాలో మామూలు పీసీ పెట్టడం. 2011లో కమొడోర్ యూఎస్ఏ అనే కంపెనీ సీ64ఎక్స్ అనే కంప్యూటరు తెచ్చింది. బయట అచ్చం కమొడోర్ 64 లాగానే ఉండేది. లోపల ఇంటెల్ ఆటమ్ చిప్పు ఉన్న పీసీ. దాని స్థాపకుడు 2012లో చనిపోయాక ఆ కంపెనీ నిలవలేదు.

రెండోది, అనుకరణ. దీన్నే ఎమ్యులేషన్ అంటారు. మిమిక్రీ కళాకారుడు ఎన్టీఆర్ గొంతుతో మాట్లాడినట్టు, కొత్త చిప్పు మీద నడిచే ఒక ప్రోగ్రాము పాత చిప్పు లాగా ప్రవర్తిస్తుంది. 2018లో వచ్చిన ద సీ64 మినీ ఈ రకానిది. కమొడోర్ పేరు వాడే హక్కు లేనందున వాళ్లు డబ్బా మీద ఆ పేరు వేయలేదు. పైన మీటలు బొమ్మ మీటలే, నొక్కితే ఏమీ జరగదు. 2019లో నిజం మీటలతో పెద్దది తెచ్చారు. అదే కంపెనీ 2024లో ద స్పెక్ట్రమ్ కూడా తెచ్చింది.

మూడోది, ఎఫ్‌పీజీఏ. దీన్ని ముగ్గుతో పోల్చి చెప్తాను. వాకిట్లో ముందు చుక్కలు పెడతాం. ఆ చుక్కల్ని ఒక రకంగా కలిపితే తామర పువ్వు, ఇంకో రకంగా కలిపితే నెమలి. ఎఫ్‌పీజీఏ చిప్పులో వేలాది చిన్న చిన్న తర్క భాగాలు చుక్కల్లాగా ఉంటాయి. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ఏది దేనితో కలవాలో దానికి చెప్తారు. కమొడోర్ చిప్పు లాగా కలపమంటే ఆ చిప్పు పని చేస్తుంది, స్పెక్ట్రమ్ లాగా కలపమంటే అది అవుతుంది. అందుకే ఇది మిమిక్రీ కంటే కొంచెం వేరు. ఇక్కడ పాత చిప్పు లాగా పనిచేసే అమరికను కొత్త చిప్పులో మళ్లీ వేస్తారు.

నమ్మకం సంగతి

పాత పేరుకు బలం ఉంది, ఎందుకంటే దాని వెనుక జనం చిన్ననాటి జ్ఞాపకం ఉంది. ఆ బలాన్ని మంచికీ వాడవచ్చు, చెడు కూడా జరగవచ్చు. దీనికి స్పెక్ట్రమ్ చరిత్రలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి.

2016లో స్పెక్ట్రమ్ వేగా ప్లస్ అనే చేతిలో పట్టుకునే ఆట యంత్రం కోసం ఇంటర్నెట్‌లో జనం నుంచి ముందుగానే డబ్బు తీసుకున్నారు. 5 లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. యంత్రం వస్తుంది, వస్తుంది అని రెండేళ్లు గడిచాయి. 2018లో కొద్దిమందికి మాత్రమే చేరింది. 2019లో కంపెనీ మూతపడింది. ఎక్కువమందికి యంత్రమూ రాలేదు.

2017లో స్పెక్ట్రమ్ నెక్స్ట్ కోసం కూడా ఇలాగే 7 లక్షల పౌండ్లకు పైగా పోగు చేశారు. ఇది కూడా ఆలస్యమైంది. అయితే అసలు స్పెక్ట్రమ్‌కు రూపం ఇచ్చిన రిక్ డికిన్‌సనే దీనికీ రూపం గీశారు. ఆయన 2018లో చనిపోయారు, పని మాత్రం ఆగలేదు. 2020లో కొన్నవాళ్ల ఇళ్లకు చేరింది. రెండింటి మీదా ఉన్నది ఒకే పేరు. కొన్నవాళ్లకు ఏమి దక్కిందో చూస్తే మాత్రం రెండింటికీ పోలికే లేదు.

తేరు ఎవరిది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. గుండె మార్చాక అది అదే కంప్యూటరా?

మన ఊళ్లలో తేరు ఉంటుంది. చక్రాలు అరిగిపోతే కొత్తవి వేస్తారు. కొయ్య పుచ్చిపోతే మారుస్తారు. వందేళ్లకు మొదటి కొయ్య ముక్క ఒక్కటైనా మిగిలిందో లేదో. అయినా అది మన తేరే అంటాం. ఎందుకంటే అదే వీధుల్లో, అదే పండగకు, ఆ ఊరి జనమే దాన్ని లాగుతారు. ఎవరూ లాగకుండా కొట్టంలో పెట్టిన తేరు, కొయ్య అంతా పాతదే అయినా, ఒట్టి కొయ్యే.

కమొడోర్ విషయంలో ఇదే జరిగింది. 1994 తర్వాత కంపెనీ లేదు. కానీ జనం ఆ యంత్రాన్ని వదల్లేదు. పాడైనవి బాగుచేసుకున్నారు, కొత్త ఆటలు రాశారు, విడిభాగాలు సొంతంగా తయారుచేసుకున్నారు. నెదర్లాండ్స్ ఇంజనీరు గిడియన్ జ్వైట్జర్ కమొడోర్ 64 మొత్తాన్ని ఎఫ్‌పీజీఏతో ఒక బోర్డు మీదికి తెచ్చారు. దానికి కమొడోర్ పేరు లేదు. పేరు కాగితాల మీద ఒకరి దగ్గర ఉంటే, పని ఇంకొకరి చేతుల్లో జరిగింది.

2025లో ఈ రెండూ కలిశాయి. పాత కంప్యూటర్ల గురించి యూట్యూబ్‌లో వీడియోలు చేసే క్రిస్టియన్ సింప్సన్, ఇంకొందరితో కలిసి కమొడోర్ పేరు ఉన్న సంస్థను కొనడానికి ముందుకు వచ్చారు. పాత కమొడోర్ ఉద్యోగులు కొందరు కూడా తోడు నిలిచారు. ఆ జూలైలో కమొడోర్ 64 అల్టిమేట్‌కు 299 డాలర్ల నుంచి ఆర్డర్లు మొదలయ్యాయి. లోపల ఉన్నది గిడియన్ పనే. కొత్త టీవీకి తగిలించుకోవచ్చు, పాత క్యాసెట్లు, కార్ట్రిడ్జులు కూడా పెట్టుకోవచ్చు. తేరు లాగినవాళ్లే తేరు తాళంచెవి కూడా తీసుకున్నట్టు అయింది.

పేరు లేకుండా బతికినవి

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఎకార్న్ పేరు ఇప్పుడు మనలో ఎవరికీ తెలియదు. కానీ 1985లో ఆ కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ ఏఆర్ఎమ్ అనే చిప్పును తయారుచేశారు. ఆ వంశపు చిప్పులే ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న ఫోన్లన్నిటిలో దాదాపుగా ఉన్నాయి. తమాషా ఏమిటంటే ద సీ64 మినీ లోపల ఉన్నది కూడా ఏఆర్ఎమ్ చిప్పే. అంటే కమొడోర్ వేషం వేసుకున్నది దాని పోటీదారు మనవడు!

2012లో కేంబ్రిడ్జ్ నుంచే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు 35 డాలర్లకు వచ్చింది. పిల్లలు ప్రోగ్రాములు రాయడం మరిచిపోతున్నారు, వాళ్లకు చవకగా ఒక కంప్యూటరు కావాలి అనే ఆలోచనతో చేశారు. దాని రకాలకు మోడల్ ఏ, మోడల్ బి అని బీబీసీ మైక్రో గుర్తుగా పేర్లు పెట్టారు. 2020లో మీటల పలకలోనే కంప్యూటరు ఉండే రాస్ప్‌బెర్రీ పై 400 కూడా తెచ్చారు. వీళ్లు పాత పేరు ఏదీ కొనలేదు, పాత ఉద్దేశాన్ని మాత్రం తీసుకున్నారు.

ముగింపు

కమొడోర్ 64కు కరెంటు ఇస్తే నీలం తెర మీద "రెడీ" అనే మాట, దాని కింద మినుకుమినుకుమనే ఒక గడి కనిపించేది. నేను సిద్ధం, ఏం చేయాలో నువ్వు చెప్పు అన్నట్టు. పిల్లలు ఏదో ఒకటి టైపు చేసి చూడక తప్పేది కాదు. ఇప్పటి ఫోను తెరిస్తే ఏం చూడాలో అదే మనకు చెప్తుంది. మనం వేలితో తోసుకుంటూ పోతాం. పెద్దోళ్లు ఆ పాత డబ్బాల కోసం ఇంత డబ్బు ఖర్చు పెట్టడం ఒట్టి జ్ఞాపకాల కోసమే అని మొదట చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం ఆ "రెడీ" అనే మాట కోసం అనిపిస్తుంది.

కాబట్టి పాత పేరుతో కొత్త వస్తువు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాం. పేరు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? లోపల ఏముంది? మొదట ఆ వస్తువు ఏ పని కోసం పుట్టిందో ఆ పని ఇది చేస్తుందా? మూడోదానికి "అవును" అనే జవాబు వస్తే, గుండె కొత్తదైనా అది పాత కంప్యూటరే. "కాదు" అని వస్తే, మన సామెత ఉండనే ఉంది.

ఇంకో మాట. ఆ "రెడీ" అనే తెర కోసం అంత డబ్బు పెట్టక్కర్లేదు. పాత పీసీల్లో కూడా చాలావాటిలో పైథాన్ లాంటి భాష ఉచితంగా వేసుకోవచ్చు. మన బడి కంప్యూటరు గదిలో కూడా ఖాళీ తెర ఒకటి తెరిచి కూర్చుంటే, ఏం చేయాలో చెప్పేది మళ్లీ మనమే అవుతాం.