డంజియన్ మాస్టర్ తీర్పు
ఆటగాళ్లు పాత్రలు పోషించే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో కథ నడిపేది, నిబంధనలకు అర్థం చెప్పేది డంజియన్ మాస్టరే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ఈ ఆట 1974లో వెలువడింది. మధ్యవర్తి విచక్షణకు పెద్దపీట వేసే పద్ధతి మాత్రం పాతదే. ప్రష్యా సైనికాధికారి వెర్డీ దు వెర్నువా 1876లోనే యుద్ధక్రీడల్లో దాన్ని ప్రతిపాదించాడు.

ఉదాహరణకు, పైకప్పుకు వేలాడే దీపాల గుత్తి పట్టుకుని శత్రువు మీదికి ఊగుతానంటాడు ఆటగాడు. దానికి పుస్తకంలో ప్రత్యేక సూత్రం ఉండదు. 2014 నాటి ఐదో కూర్పు ప్రకారం మాస్టర్ కష్టస్థాయి నిర్ణయిస్తారు: తేలికైతే 10, మధ్యస్థమైతే 15, కష్టమైతే 20. ఇరవై ముఖాల పాచికలో పడిన అంకెకు పాత్ర నేర్పు కలిపితే వచ్చే మొత్తం ఆ స్థాయికి తగ్గకూడదు. గుత్తి మనిషి బరువు మోస్తుందా అన్నది పాచికకు వదలడం కన్నా మాస్టరే తేల్చడం మేలు. ఒకసారి మోస్తుందని తేల్చాక, రేపు శత్రువూ అలాగే ఊగితే ఆటగాళ్లు అభ్యంతరం చెప్పలేరు. వాదన ముదిరితే చాలామంది మాస్టర్లు అప్పటికో తీర్పు చెప్పి, ఆట ముగిశాక పుస్తకం తిరగేస్తారు.