తొగరు వేరు

తెల్లవారుజామున మద్దేడ్‌లో ఎక్కిన బస్సు బీజాపూర్, గీదం దాటి జగదల్‌పూర్‌లో దించేసరికి మీ ఒళ్ళు హూనమైంది. అక్కడ ఇంకో బండి పట్టుకుని ఒడిశా సరిహద్దు దాటితే కోట్‌పాడ్. బస్తర్ పనికా నేతగాళ్ళు, ఇక్కడి మిర్గాన్ నేతగాళ్ళు తరతరాలుగా నూలుకు అద్దే ఎరుపు ఒక్కటే, ఆల్ వేరుది.

వీధి మలుపు తిరక్కముందే వాసన ఎదురొస్తుంది. ఆముదం, పేడ, బూడిద కలిసి పులిసిన వాసన. రంగుల ఇల్లని వస్తే రంగన్నదే కనబడదు. అరుగు మీద ఓ పెద్దావిడ నూలు చిలపను పూరీ పిండిలా పిసుకుతోంది. నూనెలో, బూడిద నీళ్ళలో తడపడం, మర్దించడం, ఎండేయడం, మర్నాడు మళ్ళీ మొదలు. ఎన్నాళ్ళని సైగ చేసి అడిగితే రెండు చేతుల వేళ్ళూ విప్పి, ముడిచి, మళ్ళీ విప్పుతుంది. చేత్తో తాకి చూడండి, జిడ్డుగా, బరువుగా ఉంటుంది. మన కలంకారీ వాళ్ళు బట్టను కరక్కాయలో, పాలలో నానబెట్టినట్టే ఇదీ. ఉత్త నూలుకు రంగును పట్టి ఉంచే గుణం లేదు మరి.

పక్కన చేటలో ఆల్ వేళ్ళు. తెలుగులో తొగరు అంటాం, ఆ మాటకే ఎరుపని అర్థం. రంగంతా వేరు బెరడులోనే. ఒకటి తీసి గోటితో గీరండి. ఎరుపు కాదు, పసుపు! మోసపోయామనిపిస్తుంది. ఆవిడ నవ్వి, గీరినచోట ఓ చుక్క బూడిద నీళ్ళు వేస్తుంది. పసుపులో సున్నం పడితే పారాణి ఎర్రబడినట్టు, వేరు మీ కళ్ళముందే ఎరుపు తిరుగుతుంది.

కుండ కింద మంట ఎగదోస్తారు. దంచిన బెరడు, నీళ్ళు, చిలపలు. కర్రతో పైకెత్తినప్పుడల్లా నూలు ఇంకాస్త ముదురుతుంది. ఇటుకరంగు, ఆపైన ఎండిన మిరపపండు. నలుపు కావాలంటే ఇదే కుండలో అన్నభేది పడాలి. కోట్‌పాడ్ చీరలో కనిపించేవి ఈ రెండూ, రంగద్దని నూలు తెలుపూ, అంతే. 1868లో బెర్లిన్‌లో గ్రేబే, లీబర్‌మన్ కృత్రిమ అలిజరిన్ తయారుచేశాక మన చిరివేరు లాంటి వేరు రంగుల వ్యాపారం చాలావరకు చితికిపోయింది. ఇక్కడ పొయ్యి ఆరలేదు. కోట్‌పాడ్ చేనేతకు 2005లో జీఐ గుర్తింపు, ఇక్కడి గోవర్ధన్ పనికాకు 2018లో పద్మశ్రీ వచ్చాయి. నాకైతే ఆ బిరుదుల కన్నా ఈ జిడ్డు చేతులే పెద్దవనిపిస్తాయి.

మీకూ సరదా పుడుతుంది. జేబురుమాలు అంచు కుండలో ముంచుతారు. భలే పట్టింది! చెరువు దగ్గర ఆవిడ చిలపలు బండకేసి బాదుతుంటే నీళ్ళు కాసేపటికే తేటబడతాయి, ఎరుపు మాత్రం కదలదు. మీరూ రుమాలు జాడిస్తారు. రెండోసారికే అంచు పాలిపోయి, నీరుకావి మరకలా మిగులుతుంది.

ఆవిడ దాన్ని చూసి నవ్వుతుంది. మీ చేతిలోంచి లాక్కుని, అరుగు మీది ఆముదం గిన్నెలో పడేస్తుంది.