రైతు సంఘం సమావేశానికి అజెండా తయారు చేసుకోవడం ఎలా?

నర్సంపేట చుట్టుపక్కల మిర్చి, పత్తి, మక్కజొన్న పండించే చిన్న, సన్నకారు రైతులు విత్తనాలు కలిసి కొనాలన్నా, పంటను కలిసి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పంపాలన్నా రైతు ఉత్పత్తిదారుల సంస్థ (ఎఫ్‌పీఓ) బాగా నడవాలి. అజెండా లేకుండా కూర్చుంటే మాటలు ఎటో పోతాయి, పొద్దంతా గడిచినా విత్తనం సంగతి తేలదు. ఈలోగా వానలు పడితే ఎవరికి వారు అప్పు మీద కొనుక్కోవాల్సి వస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

మీ సంస్థ ప్రొడ్యూసర్ కంపెనీగా రిజిస్టర్ అయితే కంపెనీల చట్టం, 2013 వర్తిస్తుంది.

• పాలకవర్గం కనీసం 3 నెలలకు ఒకసారి, ఏడాదికి 4 సార్లు సమావేశం కావాలి. డైరెక్టర్లకు 7 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి.
• పాలకవర్గ కోరం మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు. అయితే ముగ్గురికి తగ్గకూడదు.
• వార్షిక సర్వసభ్య సమావేశానికి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. దానితో పాటు అజెండా, గత సమావేశం మినిట్స్, ఆడిట్ అయిన లెక్కలు పంపాలి.
• సర్వసభ్య సమావేశానికి నాలుగో వంతు సభ్యులు రావాలి. అంటే 400 మంది ఉంటే 100 మంది. మీ నియమావళిలో ఇంతకన్నా ఎక్కువ ఉంటే దాన్నే పాటించాలి.

సహకార సంఘంగా రిజిస్టర్ అయితే మీ బైలాస్ చూసుకోండి.

అజెండా రాసేటప్పుడు

1. అంశాన్ని తేల్చాల్సిన ప్రశ్నగా రాయండి. "విత్తనాలు" అని వదిలేయకుండా "మక్కజొన్న విత్తనం ఎన్ని ప్యాకెట్లు, ఎవరి దగ్గర, ఏ ధరకు కొనాలి?" అని రాయాలి.
2. డబ్బుతో ముడిపడిన అంశాలు ముందు పెట్టండి. చివరికి చాలామంది లేచి వెళ్లిపోతారు.
3. ప్రతి అంశానికి సమయం, వివరాలు చెప్పే వ్యక్తి పేరు రాయండి.
4. కొటేషన్లు, లెక్కల కాగితాలు అజెండాతోనే పంపండి.
5. అయిదారు అంశాలకు మించకండి. "ఇతర అంశాలు" కింద డబ్బు నిర్ణయాలు తీసుకోకండి. రానివారికి అనుమానాలు వస్తాయి.

నమూనా: మే నెల పాలకవర్గ సమావేశం

• గత తీర్మానాలు ఎంతవరకు అమలయ్యాయి? – 10 నిమిషాలు
• బ్యాంకు నిల్వ, సభ్యుల నుంచి రావాల్సిన బాకీలు – 15 నిమిషాలు
• వానాకాలం విత్తనాల కొనుగోలు: మూడు కొటేషన్లలో ఏది? – 30 నిమిషాలు
• సభ్యుల దగ్గర అడ్వాన్స్ ఎంత, ఏ తేదీలోగా వసూలు చేయాలి? – 20 నిమిషాలు
• ఇతర అంశాలు – 10 నిమిషాలు

గమనించాల్సినవి

మిర్చి ఏరే రోజుల్లో పగటి పూట సమావేశం పెడితే కోరం నిండడం కష్టం. సాయంత్రం పెట్టుకోండి. అజెండాను వాట్సాప్ గ్రూపులో పెట్టడంతో పాటు రైతు వేదిక దగ్గర అంటించండి. చదవడం రాని సభ్యుల కోసం సమావేశం మొదట్లో గట్టిగా చదివి వినిపించండి.

ప్రతి అంశం ముగియగానే ఏం తేలింది, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా అన్న మూడు మాటలు మినిట్స్ పుస్తకంలో రాయాలి. వచ్చే సమావేశం అజెండాలో మొదటి అంశం అదే కావాలి.

మీరు డైరెక్టర్ కాకపోయినా, వాటాలు ఎన్ని ఉన్నా, సర్వసభ్య సమావేశంలో రైతు సభ్యుడికి ఒక్కటే ఓటు. కాబట్టి నోటీసు అందగానే అజెండా చదవండి. మీకు కావాల్సిన అంశం లేకపోతే దాన్ని చేర్చమని ముందుగానే సీఈఓకు కాగితం మీద రాసి ఇవ్వండి.