పొత్తు వ్యాపారము – పన్ను లెక్క



పొత్తు అను మాట మన పల్లెలకు చట్టములకంటెను పాతది. ఒకనికి చోటు గలదు. ఇంకొకనికి రొక్కము గలదు. మూడవవానికి పనితనము గలదు. ముగ్గురును గలసి బియ్యపు మర పెట్టుకొందురు. మా సిరికొండ ప్రాంతమున ఇట్టి యేర్పాటు ఎవరికిని వింతగాదు. అయితే పొత్తులోనికి చోటును తెచ్చినవాడు దానిని అమ్మినట్లా, ఉంచుకొన్నట్లా? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము తేలుటకు చాల కాలము పట్టినది. ఆ కథనే నేడు మీకు మనవి చేయుదును.

మన ప్రాంతమున మంజీరపై నిజాంసాగరు నిర్మాణము 1923లో మొదలై 1931లో ముగిసినది. 1937లో బోధనునొద్ద నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. పంట పెరిగినచోట మరలును గిడ్డంగులును, వానితో పొత్తులును పెరుగుట సహజము. హైదరాబాదు రాజ్యము ఫసలీ 1357లో తన సొంత ఆదాయపు పన్ను చట్టమును చేసికొనెను. 1950 ఏప్రిల్ 1 నుండి 1922 నాటి భారత చట్టము ఇచటికిని వచ్చెను. పిమ్మట 1961 నాటి చట్టము దాని స్థానమును బొందెను. ఆస్తి నమ్మగా వచ్చు లాభముపై పన్ను భారతదేశమున 1947లో మొదట వచ్చి, కొలది కాలమునకే తొలగి, 1956లో మరల వచ్చినది.

1932 నాటి భాగస్వామ్య చట్టపు 14వ విభాగము ప్రకారము, ఆరంభమున పొత్తులోనికి తెచ్చిన ఆస్తి సంస్థ ఆస్తియగును. అద్దంకి నారాయణప్ప, భాస్కర కృష్ణప్పల వ్యాజ్యము మన ఆంధ్రదేశమునుండి సుప్రీముకోర్టునకు బోయినది. భాగస్వామికి సంస్థలో గల హక్కు, సంస్థకు భూములున్నను, చరాస్తియే యని 1966లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. పొత్తు సాగుచుండగా ఈ గది నాది, ఆ గోడ నీది యనుటకు వీలులేదు. అప్పులు తీరిన పిమ్మట మిగిలినదానిలో వంతు మాత్రమే వానిది.

అట్లయిన పన్ను మాట యేమి? 1985లో సునీల్ సిద్ధార్థభాయి వ్యాజ్యమున సుప్రీముకోర్టు దీనిని విచారించెను. అంతవరకు ఒక్కనిదైన ఆస్తి పలువురిదగును గావున అది బదిలీయే యని న్యాయస్థానము చెప్పెను. అయితే ఖాతాలో వ్రాసిన మొత్తము నిజముగా చేతికందిన వెల కాదు. పొత్తు విడిపోవునాటికి ఎంత దక్కునో ఎవ్వరును చెప్పజాలరు. వెల తెలియనిచో లాభమును గట్టజాలము. కావున పన్ను లేదని తీర్పు. పన్ను తప్పించుకొనుటకు పన్నిన దొంగపొత్తులకు మాత్రము ఈ రక్షణ లేదని హెచ్చరించెను.

ప్రభుత్వమూరకుండలేదు. 1987లో పార్లమెంటు చట్టమునకు 45వ విభాగమున మూడవ ఉపవిభాగమును జేర్చి, సంస్థ లెక్కలలో వ్రాసిన మొత్తమే వెలయని నిర్ణయించెను. న్యాయస్థానము తెలియదన్న వెలను శాసనము కలముతో సృష్టించినది.

దీని ఫలితము నొక ఉదాహరణముతో చెప్పెదను. ఒకడు 2 లక్షలకు కొనిన ఇంటిస్థలమును, నేటి వెల 10 లక్షలని ఖాతాలో వ్రాయించి పొత్తులో బెట్టెననుకొనుడు. చేతికి పైసయైన రాకుండగనే 8 లక్షల లాభమునకు పన్ను గట్టవలెను. పన్నునకు జడిసి 2 లక్షలనే వ్రాయించెనా, నేటికి పన్ను తప్పును. కాని ఇద్దరు సమభాగస్వాములు రేపు విడిపోయినచో, 1932 చట్టపు 48వ విభాగము ప్రకారము మొదట వాని మూలధనముగా 2 లక్షలే వానికి వచ్చును. స్థలము 10 లక్షలకు అమ్ముడుపోగా మిగిలిన 8 లక్షలలో సగము పొత్తుదారునకు బోవును. పన్ను మిగిల్చుకొన్నవాడు తండ్రినాటి స్థలపు వెలలో 4 లక్షలను పోగొట్టుకొనును!

అమెరికా సమాఖ్యచట్టము వేరొక త్రోవ దొక్కినది. దాని 721వ విభాగము ప్రకారము ఆస్తిని పొత్తులో బెట్టుటయే కారణముగా సాధారణముగా పన్ను లేదు. పాత కొనుగోలు వెలయే సంస్థకు సంక్రమించును. అమ్మిననాడు పాత లాభపు పన్ను భారము ఆస్తి దెచ్చినవాని మీదనే పడునట్లు 704వ విభాగము చూచును. అచట పన్ను రొక్కమునకై వేచియుండును. ఇచట కలము కాగితమును తాకగనే మేల్కొనును.

పురపాలక పట్టణములకు దూరమైన పల్లెసాగుభూమిని 1961 చట్టము మూలధన ఆస్తిగా నెంచలేదు. రైతునకు ఇది గొప్ప అండ. కాని సాగు మాని మరకై మార్చిన చోటునకు ఆ అండ నిలువదు.

కావున సోదరులారా, పొత్తు పత్రముపై సంతకము చేయుటకు మున్ను ఆస్తికి వ్రాయు అంకెను రెండుమారులు చూడుడు: ఒకమారు పన్ను కన్నుతో, ఒకమారు విడిపోవునాటి కన్నుతో. ఆస్తిని పొత్తునకే యిచ్చుటయా, యాజమాన్యము తనయందే యుంచుకొని అద్దెకిచ్చుటయా యని యోచింపుడు. స్నేహము చెడకముందే అంకెను తేల్చుకొనుట స్నేహమునకే మేలు.