ఏడో తరం గేమ్ కన్సోళ్లు: పాత ఆటల మద్దతు

పాత కన్సోల్ కోసం కొన్న ఆట దాని తర్వాతి తరం కన్సోల్‌లో కూడా నడవడాన్ని బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటారు. 2005-06లో విడుదలైన మూడు పోటీ కన్సోళ్లలో ఇది మూడు రకాలుగా అమలైంది.

అందరికన్నా కష్టమైన పని మైక్రోసాఫ్ట్‌కు పడింది. మొదటి ఎక్స్‌బాక్స్‌లో ఇంటెల్ ప్రాసెసర్, ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్ ఉండేవి. ఎక్స్‌బాక్స్ 360లో ఐబీఎం ప్రాసెసర్, ఏటీఐ చిప్ పెట్టారు. దాంతో పాత యంత్రం పనితీరును సాఫ్ట్‌వేర్‌తో అనుకరించాల్సి వచ్చింది. ఇందుకు హార్డ్ డిస్క్ తప్పనిసరి. పైగా కంపెనీ ప్రకటించిన జాబితాలోని ఆటలే నడిచేవి. 2007 తర్వాత ఆ జాబితా పెరగలేదు.

సోనీ తన ప్లేస్టేషన్ 3 తొలి మోడళ్లలో ప్లేస్టేషన్ 2 చిప్‌లనే అమర్చింది. ఖర్చెక్కువైనా, ఆటగాడికి ఇదే అత్యుత్తమ పరిష్కారం. అయితే 2007 మార్చిలో యూరప్‌కు వచ్చిన మోడల్‌లో ప్లేస్టేషన్ 2 ప్రధాన ప్రాసెసర్ అయిన ఎమోషన్ ఇంజిన్ లేదు. ఆ ఏడాది చివర్లో వచ్చిన 40 జీబీ మోడల్‌లో ప్లేస్టేషన్ 2 ఆటల మద్దతే లేదు. ధర తగ్గింది కానీ, ఏళ్ల తరబడి డిస్కులు కూడబెట్టుకున్నవారికి అది తీరని నష్టం. మొదటి ప్లేస్టేషన్ ఆటలు మాత్రం అన్ని మోడళ్లలోనూ నడుస్తాయి.

నింటెండో వీ నిర్మాణం ఆ కంపెనీ అంతకుముందటి కన్సోల్ గేమ్‌క్యూబ్‌కు కొనసాగింపే కనుక పాత డిస్కులు నేరుగా నడిచేవి. పాత కంట్రోలర్లకూ మెమరీ కార్డులకూ చోటుండేది. 2011 నాటి కొత్త రూపంలో ఈ సదుపాయాన్ని తీసేశారు.