ఒక్క ఎక్స్ దూరం

అబిడ్స్ జీపీఓ పిన్ కోడు 500001. ఇదే సంఖ్యను 264 పక్కన ఇంగ్లీషు చిన్న ఎక్స్ పెట్టి నాలుగు గుర్తుల్లో రాసేయొచ్చు. ఇందులో రహస్యమేమీ లేదు, బళ్ళో చేసిన భాగహారమే. పది అంకెలకు ఇంగ్లీషు చిన్నక్షరాలు 26, కాపిటల్స్ 26 కలిపితే 62 గుర్తులు. సంఖ్యను 62తో భాగించి శేషం పక్కన పెట్టుకోవాలి. భాగఫలాన్ని మళ్ళీ 62తో భాగించాలి, సున్నా వచ్చేదాకా. శేషాలను చివరి నుంచి మొదటికి చదివితే 2, 6, 4, 33 వస్తాయి. అంకెల తర్వాత చిన్నక్షరాలు పేర్చుకుంటే 33 విలువ చిన్న ఎక్స్‌ది. డేటాబేసులోని పొడుగాటి నంబర్లు లింకుల్లో పొట్టి కోడ్‌లుగా కనపడటం వెనక చాలావరకు ఈ లెక్కే ఉంటుంది. నా ఉద్యోగంలో తరచూ తగిలే పని.

లింకులో ఏ గుర్తు పడితే ఆ గుర్తు పెట్టడానికి లేదు. మధ్యలో స్లాష్ వస్తే దాన్ని దారిలో ఇంకో మెట్టు అనుకుంటుంది సర్వర్. ప్లస్‌ను చాలాచోట్ల ఖాళీగా చదువుతారు. మామూలు బేస్64లో ఈ రెండూ ఉన్నాయి. వాటి బదులు హైఫన్, అండర్‌స్కోర్ వాడే రకాన్ని 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4648 ప్రమాణంలో చేర్చారు. యూట్యూబ్ వీడియోల 11 గుర్తుల కోడ్‌లలో కనిపించేవి అవే. ఇక మన అక్షరాల సంగతి అడక్కండి. "అబిడ్స్" అన్న మాటలో గుడి, పొల్లులు కూడా విడిగా లెక్కకొచ్చి ఏడు సంకేతాలవుతాయి. లింకులోకి వెళ్ళేసరికి ఒక్కోటీ తొమ్మిది గుర్తులై, మొత్తం 63!

సంఖ్యకు అక్షరాలు తొడగడం ఈ ఊరికి కొత్త కాదు. చార్మినార్ కట్టిన ఏడాదిని "యా హాఫిజ్" అన్న మాట చెబుతుందంటారు. ఓ రక్షకుడా అని అర్థం. అబ్జద్ లెక్కలో ప్రతి అరబ్బీ అక్షరానికీ ఒక విలువ ఉంది. ఈ మాటలోని ఆరు అక్షరాలకూ వరసగా 10, 1, 8, 1, 80, 900. కూడితే సరిగ్గా వెయ్యి. హిజ్రీ 1000 అంటే 1591-92. నిజాం నాణేల మీద హైదరాబాదుకు బిరుదుగా కనిపించే "ఫర్ఖుందా బునియాద్"ను ఇలాగే కూడితే 1006 వస్తుంది.

మనవైపు కటపయాది ఉంది. పిన్ కోడ్‌లను 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన శ్రీరాం భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా కాబట్టి, అబిడ్స్‌ను ఆ పద్ధతిలో రాసి చూద్దామనిపించింది. ఒకట్ల స్థానం ముందు రావాలి: ఒక 'ప', నాలుగు 'న'లు, చివర ఒక 'మ'. పానానానానామా! పిన్ కోడ్ వదిలేసి రాగాలకు వెళ్దాం. మేచకల్యాణిలో మ 5, చ 6. తిప్పి చదివితే 65, అదే ఆ మేళకర్త సంఖ్య. చక్రవాకం దగ్గర మాత్రం తిరకాసుంది. సంయుక్తాక్షరంలో చివరి హల్లునే లెక్కలోకి తీసుకోవాలన్న మామూలు నియమం పాటిస్తే చ 6, ర 2, అంటే 26. అది చారుకేశి చోటు. అందుకని ఇక్కడ 'క్ర'లో క తీసుకుని 16 అంటారు. రెండు సంఖ్యలకు ఒకే కోడ్ రావడాన్ని మేం కొలిజన్ అంటాం. సంగీతజ్ఞులు నియమాన్ని వంచి దాటేశారు. మాకు ఆ వెసులుబాటు లేదు.

అసలు తేడా ఇంకోచోట ఉందని నాకనిపిస్తుంది. కటపయాదిలో ఒకటికి క, ట, ప, య నాలుగూ పనికొస్తాయి. ఎందుకంటే సంఖ్యను ఒక అర్థమున్న మాటలో కూర్చోబెట్టడమే వాళ్ళ ఆశయం. మేం చేసేది సరిగ్గా తలకిందులు. మా కోడ్‌లో పొరపాటున కూడా మాట పుట్టకూడదు. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ తన బేస్32 నుంచి యూ తీసేసింది అనుకోకుండా బూతు వస్తుందనే. హాషిడ్స్ అనే లైబ్రరీ కొన్ని అక్షరాలను పక్కపక్కన రానివ్వదు. అచ్చులు మొత్తం తీసేసేవాళ్ళూ ఉన్నారు, అప్పుడు ఏ భాష తిట్టూ పూర్తిగా పలకదు.

కానీ మాట కానిదాన్ని మనిషి నోటితో చెప్పడం కష్టం. ఫోన్లో "టూ సిక్స్ ఫోర్ ఎక్స్" అంటే చిన్నదా, కాపిటలా? పైన వాడిన వరసలో కాపిటల్ ఎక్స్ విలువ 59. అప్పుడు సంఖ్య 500027 అవుతుంది, అంటే కాచిగూడ. అబిడ్స్ ఉత్తరం కాచిగూడకు పోవడానికి ఒక్క ఎక్స్ చాలు. తెలుగు లిపిలో రాస్తే ఆ తేడా కనపడనే కనపడదు. క్రాక్‌ఫర్డ్ పద్ధతిలో చిన్నా పెద్దా ఒకటే, సున్నాలా కనిపించే ఓ, ఒకటిలా కనిపించే ఐ, ఎల్ కూడా వాడరు. కోడ్ కాస్త పొడుగవుతుంది. అయినా మనుషులు చదివి చెప్పాల్సినవాటికి అదే నయమని నా ఓటు.

పొట్టి లింకులది ఇంకో బాధ. వాటి కోడ్‌ను విప్పితే దొరికేది చాలాసార్లు ఒక వరస నంబరు, అంతే. ఆ నంబరు ఎక్కడికి తీసుకెళ్ళాలో చెప్పే పట్టిక కంపెనీ దగ్గరుంటుంది. గూగుల్ 2019లో తన పొట్టి లింకులు కొత్తవి ఇవ్వడం మానేసింది. 2025 ఆగస్టులో, వాడకం లేని పాతవాటినీ ఆపేసింది. వ్యాసాల అడుగున అలాంటి లింకు కనపడితే, రచయిత ఏం చూపించాలనుకున్నారో ఇప్పుడు కోడ్‌ను ఎంత విప్పినా తెలియదు. "యా హాఫిజ్"కు ఏ సర్వరూ అక్కర్లేదు, ఆ 28 అక్షరాల విలువలు తెలిస్తే చాలు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తే 2007కు ముందు నాటి పదంకెల ఐఎస్‌బీఎన్‌లు తగులుతుంటాయి. ముందున్న 81 మన దేశానిది. కొన్నిటికి చివర ఎక్స్ ఉంటుంది. పదిని ఒకే గుర్తులో రాయాల్సివచ్చి రోమన్ అంకె తెచ్చుకున్నారు. మొదటి అంకెను 10తో, తర్వాతిదాన్ని 9తో, అలా చివరిదాన్ని 1తో గుణించి కూడితే 11తో నిశ్శేషంగా పోవాలి. పోకపోతే ఎక్కడో ఒక అంకె తప్పు పడిందని అక్కడే నిలబడి తేల్చేయొచ్చు. పుస్తకం పేరు ఆ నంబర్లో లేదు, నిజమే. కానీ పుస్తకం చేతిలోనే ఉంది.