సూక్ష్మకుహరాల నుండి కాంతి దిశానిర్దేశం

కాంతి సూక్ష్మకుహరం అనగా కొన్ని మైక్రోమీటర్ల పరిమాణంలో కాంతిని బంధించి అనునాదం చెందించే నిర్మాణం. ఇలా బంధించిన కాంతి అన్ని వైపులకూ చెదరకుండా, కోరిన దిశలోనే వెలువడేటట్లు చేయడాన్ని దిశాత్మక ఉద్గారం అంటారు.

పనిచేసే విధానం

బిళ్ళ లేదా గోళం ఆకారపు కుహరంలో కాంతి అంచు వెంబడి పదేపదే సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ తిరుగుతుంది. చుట్టుకొలత మార్గంలో పూర్ణసంఖ్యలో తరంగదైర్ఘ్యాలు ఇమిడినపుడు అనునాదం కలుగుతుంది. లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లోను, బీజాపూర్ గోల్ గుంబజ్‌లోను గోడ వెంట గుసగుస ప్రయాణించడం ఇటువంటిదే. ఈ ధ్వని విషయాన్ని లార్డ్ రేలీ వివరించాడు.

కాంతి కుహరంలో ఎంతకాలం నిలుస్తుందో తెలిపే రాశిని క్యూ గుణాంకం అంటారు. సిలికా కుహరాలలో ఇది 10 కోట్లకు మించగలదు.

సమస్య

పరిపూర్ణ వృత్తంలో పతన కోణం ప్రతి పరావర్తనంలోను మారదు. కనుక కాంతి బాగా నిలుస్తుంది గానీ, బయటకు వచ్చే కొద్దిపాటి కాంతి బిళ్ళ తలంలో అన్ని దిశలకూ సమానంగా పోతుంది. అంచున గంటు పెడితే దిశ లభిస్తుంది, కాని క్యూ గుణాంకం సాధారణంగా తగ్గుతుంది. ఈ రెంటినీ ఒకేసారి సాధించడమే ఈ రంగంలోని ప్రధాన సమస్య.

చరిత్ర

1992లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల శాస్త్రవేత్తలు సూక్ష్మబిళ్ళ లేజరును ప్రకటించారు. వృత్తాన్ని కొద్దిగా వికృతం చేస్తే పతన కోణం మారుతూ, కొన్ని చోట్ల సందిగ్ధ కోణం కంటె తగ్గి, కాంతి అక్కడే వెలువడుతుందని 1997లో నోకెల్, స్టోన్ చూపారు. 1998లో గ్మాక్ల్ బృందం ఇటువంటి వికృత ఆకారపు లేజరుతో, అనుకూల దిశలలో వృత్తాకార లేజరు కంటె వెయ్యి రెట్ల వరకు అధిక శక్తిని పొందింది. 2008లో వీర్సిగ్, హెంట్షెల్ లిమసాన్ అనే వక్రం ఆకారాన్ని సూచించారు. ఇందులో అధిక క్యూ గుణాంకమూ, ప్రధానంగా ఒకే దిశలో ఉద్గారమూ రెండూ సాధ్యమే.

హైదరాబాదులో పరిశోధన

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజాదురై చంద్రశేఖర్ బృందం సేంద్రియ పదార్థాలతో సూక్ష్మ అనునాదకాలను, వంగగల స్ఫటిక తరంగవాహకాలను రూపొందించింది. పరమాణు బల సూక్ష్మదర్శిని మొనతో స్ఫటికాలను జరిపి, వంచి, కోసి, కాంతిని కోరిన దారిలో నడిపే వలయాలను నిర్మించే ఈ పద్ధతిని మెకానోఫోటోనిక్స్ అంటారు.

ఉపయోగాలు

కాంతి చిప్‌లలో సూక్ష్మ లేజర్లకు, అత్యల్ప పరిమాణంలోని జీవాణువులను గుర్తించే సంవేదకాలకు, ఏక ఫోటాన్ జనకాలకు దిశాత్మక ఉద్గారం అవసరం. వెలువడిన కాంతిని ఆప్టికల్ ఫైబరులోకి గాని, గ్రాహకంలోకి గాని సరిగా చేర్చలేకపోతే అందులో అధికభాగం వృథా అవుతుంది.